రొట్టెబండి ముందు సీటు

జూన్ 4

అక్కకి తమ్ముడి నమస్కారాలు. నవ్వు ఆపుకోలేకపోతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను రెండు మాటలు పూర్తి చేయనివ్వవు. వార్డులు గడగడలాడించిన గొంతు అది, నా వల్ల కాదు. ఉత్తరమైతే మధ్యలో అడ్డం రాలేవు. కాబట్టి హాయిగా కూర్చుని విను.

మన మెడికల్ యూనిట్‌కి ఈ డిసెంబరుతో యాభై ఏళ్ళు నిండుతాయట. కొత్త కమాండింగ్ ఆఫీసరు, అదే సీవో గారు రాశారు. నీకూ రాశారట, నేడో రేపో అందుతుంది. యూనిట్ చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు. యుద్ధం భాగం అప్పుడు నర్సుగా ఉన్న నువ్వు రాయాలి, ఆ తర్వాతి శాంతి కాలం ఆంబులెన్స్ డ్రైవరుగా ఉన్న నేను రాయాలి. "మా చరిత్రని మీ కుటుంబం చేతిలో పెడుతున్నాం" అన్నారు. పాపం, మన కుటుంబం సంగతి ఆయనకి తెలియదు.

అసలు కబురు అది కాదు. మన రొట్టెబండిని బాగుచేశారు అక్కా. షెడ్డులో తుప్పు పట్టి పోయిందనుకున్నాను, వర్క్‌షాపు వాళ్ళు దాన్ని విప్పి, తుడిచి, రంగేసి నిలబెట్టారట. దాని గేర్లు ఇప్పటివాళ్ళకి లొంగడం లేదట. అందుకని డిసెంబరు పదిన పరేడ్‌లో అందరికంటే ముందు ఆ బండి వెళ్తుంది, నడిపేది నేను.

ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను పరేడ్ చూసిందంతా వెనక నుంచే. ఆంబులెన్స్ చోటు మైదానం చివర కదా, ఎండకి ఎవడైనా కళ్ళు తిరిగి పడితే ఎత్తుకెళ్ళడానికి. నాకు తెలిసిన పరేడ్ అంటే వీపులూ, బూటు మడమలూ. ఒక్కసారి ముందు ఉండాలని ఎంత కోరికగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. ఇప్పుడు వాళ్ళే పిలిచారు. ఆ పూటే ఒప్పుకుంటూ జవాబు రాసేశాను. పక్క సీట్లో నువ్వు కూర్చుంటావని కూడా రాసేశాను, నిన్ను అడగకుండానే.

ఇక్కడ అందరం కులాసా. మేడ మీద గది వదిలేసి కింద హాల్లోకి మారాం, గాలి బాగా వస్తోంది. నీ మరదలు నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఉంటాను,
అందరికంటే ముందు వెళ్ళబోయే నీ తమ్ముడు


జూన్ 15

తమ్ముడికి ఆశీస్సులు. తిట్లు కూడా ఉన్నాయి, అవి చివర.

సీవో గారి ఉత్తరం అందింది. ఆయనకి వీరగాథ కావాలట. నేను వీరగాథలు రాయలేను, చూసింది రాస్తానన్నాను. నువ్వప్పటికి స్కూలు ఎగ్గొట్టి తిరిగే వయసులో ఉన్నావు గనక నీకు తెలిసింది సగమే. మిగతా సగం ఇదీ.

యుద్ధం మొదలైనప్పుడు మన యూనిట్‌కి ఇల్లూ వాకిలీ లేదు. ముగ్గురు డాక్టర్లు, కొందరు నర్సులం, స్ట్రెచర్లు మోసేవాళ్ళు, కొన్ని పెట్టెల మందులు. సరిహద్దుకి కాస్త ఇవతల మూతపడ్డ రొట్టెల ఫ్యాక్టరీ చూపించి, ఇదే ఆసుపత్రి అనుకోమన్నారు. అనుకున్నాం. పిండి పిసికే పొడుగు బల్లలు ఆపరేషన్ బల్లలయ్యాయి. కత్తెరలూ పట్టకార్లూ రొట్టెల పొయ్యిలోనే వేడి చేసేవాళ్ళం. గోడలు ఎంత కడిగినా దూలాల మీంచి పిండి రాలుతూనే ఉండేది, సాయంత్రానికి సర్జన్ గారి కనుబొమలు తెల్లబడేవి. ఫ్యాక్టరీతో పాటు రొట్టెలు పంచే వ్యాను కూడా మాకే వచ్చింది. లోపల ట్రేలు జారే పట్టాలుండేవి, స్ట్రెచర్లు వాటిమీద కొలిచి చేయించినట్టు కూర్చున్నాయి. అదే నీ రొట్టెబండి.

దాన్ని ఎంత కడిగినా రొట్టె వాసన పోలేదు. దెబ్బ తిన్నవాణ్ణి దించగానే "ఇక్కడ రొట్టెలు కాలుస్తున్నారా?" అని అడిగాడంటే, సర్జన్ గారు "వీడికి ఫరవాలేదు, ఆకలేస్తోంది" అనేవారు. చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యేది. అడగనివాళ్ళ గురించి కూడా ఒక పేజీ రాశాను. ఏడుస్తూ రాశాను, దాన్ని మాత్రం దిద్దకు.

అలాగని ఏడుపొక్కటే రాయలేదులే. కాళ్ళకి పిండికట్లున్న వాళ్ళు బస్తాలు తోసే చక్రాల బల్లలెక్కి వరండాలో పందేలు పెట్టుకునేవారు. తిట్టడానికని వెళ్ళి, రుమాలు ఊపి పందెం మొదలుపెట్టి వచ్చిన రోజులు నాకున్నాయి. ఇరవై నాలుగేళ్ళ పిల్లని మరి.

ఇక తిట్లు. మేడ దిగి హాల్లోకి ఎందుకు మారావు? ఆ ఇంట్లో గాలి వచ్చేది పైన. కింద వచ్చేది వంటింటి పొగ.

వార్డు గొంతుతో,
నీ అక్క


జూలై 2

అక్కకి,

నీ భాగం గట్టిగా పైకి చదివాను, నీ మరదలు వింది. ఆ ఒక్క పేజీ దగ్గర లేచి వెళ్ళి, సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దింది. నేనేమీ దిద్దలేదు.

దాని పక్కన నాది పెట్టడానికి సిగ్గేసింది. నువ్వు చూసింది యుద్ధం. మేం చేసిందేమిటి? మంచినీళ్ళలో మందు కలపడం, సిపాయిల్ని వరసగా కూర్చోబెట్టి పాదాలు తనిఖీ చేయడం, దోమల గుంటల్లో నూనె పోయడం, వరదలొస్తే పడవల్లో జనాన్ని ఎక్కించుకు రావడం. పాదాల తనిఖీ గురించి డబ్బిచ్చి ఎవడు చదువుతాడు? చివరికి బొమ్మ యుద్ధం కథ ఒకటి రాశాను. ఉంచాలో తీసేయాలో నువ్వే చెప్పు.

ఏడాదికోసారి అలవాటు తప్పకుండా ఉత్తుత్తి యుద్ధం చేసేవాళ్ళం కదా. కొందరు సిపాయిలు గాయపడ్డట్టు పడుకోవాలి. ఎవడికి ఏం గాయమో చీటీ మీద రాసి మెళ్ళో వేలాడదీసేవాళ్ళు. చీటీ చూసి కట్టు కట్టాలి, ఎక్కించాలి, పంపాలి. ఒకసారి మా వంటవాడికి "కుడి కాలు విరిగింది" అనే చీటీ పడింది. వాడు పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. తనిఖీ ఆఫీసరు వచ్చి, "నీకు విరిగింది కాలయ్యా, పొట్ట కాదు, సరిగ్గా చెయ్యి" అని కసిరాడు. వాడు క్రమశిక్షణ గలవాడు. చెయ్యి పొట్ట మీంచి తీసి కాలి మీద పెట్టుకుని మూలిగాడు. ఆఫీసరు మెచ్చుకున్నాడు. మనవాళ్ళు కాలికి చెక్కలు పెట్టి చక్కగా కట్టారు. నేను రొట్టెబండిలో ఎక్కించుకుని, వీడి మూలుగు మరీ బాగుందే అని అనుమానమొచ్చి, "నిజంగా నొప్పా?" అని అడిగాను. "పొట్టలో చచ్చేంత నొప్పిగా ఉందండీ, కానీ చీటీలో లేదు కదా" అన్నాడు. అపెండిక్స్. కాలికి చెక్కలు ఉండగానే పొట్ట కోసి తీశారు. బతికి బట్టకట్టి, మళ్ళీ వచ్చి మాకే వండిపెట్టాడు.

ఆ తర్వాతే యూనిట్లో కొత్త పద్ధతి వచ్చింది. ఉత్తుత్తి గాయాల వాళ్ళందరి జేబులో ఒక ఎర్రగుడ్డ. నిజంగా నొప్పి వస్తే అది ఊపాలి. ఇప్పటికీ ఉందట.

ఇంకో చిన్న సంగతి. నాకో స్నేహితుడున్నాడు, నువ్వెరగవు. వాడికి ఎడమ మోకాలు వాచి, మెట్లెక్కాలంటే చుక్కలు కనిపిస్తున్నాయట. ఆపరేషన్ చేయించుకుంటే ఎన్నాళ్ళకి, మాటవరసకి, క్లచ్ లాంటిది తొక్కొచ్చు? వాడి తరఫున అడుగుతున్నాను. తొందరేం లేదు, వెంటనే రాయి.

నీ తమ్ముడు


జూలై 13

తమ్ముడికి ఆశీస్సులు.

వంటవాడి కథ ఉంచు. తీసేస్తే నేను పుస్తకంలోంచి నా భాగం తీసేసుకుంటాను. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంటే పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

సిగ్గేసిందని ఇంకోసారి రాయకు. యుద్ధం మూడు నెలలు. యూనిట్ వయసు యాభై ఏళ్ళు. మిగతాదంతా ఎవరి చరిత్ర అనుకున్నావు? ఆ మూడు నెలల్లో మేం కోసిన కాళ్ళలో సగం తూటా తగిలినవి కావు, పుండు పడితే ముందే చూడనివి. మీరు వరసగా కూర్చోబెట్టి పాదాలు చూసినన్నాళ్ళూ ఒక్క కాలు తీయాల్సి రాలేదు. పాదాల తనిఖీ నాలుగు పేజీలు రాయి. నేను డబ్బిచ్చి చదువుతాను.

ఇక నీ స్నేహితుడి సంగతి. ఆపరేషన్ చేయించుకుని, చెప్పినట్టు వ్యాయామం చేస్తే మామూలు కారు రెండు నెలలకి నడపొచ్చు. చేయించుకోకుండా ముక్కుతూ మూలుగుతూ పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తిరిగితే, కాలు కీలక సమయంలో లేవదు, ఆ బండి ఎవరి మీదకి పోతుందో దేవుడికే తెలియాలి. అతని భార్యని కూడా అడిగానని చెప్పు. ఆవిడ నాకు మరదలి వరస అవుతుంది.

నీ మెళ్ళో చీటీ ఒకటి, నీ నొప్పి ఇంకొకటి. ఎర్రగుడ్డ ఎప్పుడు ఊపుతావురా?

నీ అక్క


జూలై 29

అక్కకి,

నిన్న సీవో గారి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పరేడ్‌లో బండి నడపాలంటే ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్ పంపాలట. ఇన్నాళ్ళూ లేని సర్టిఫికెట్ ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో నాకు తెలుసు. నువ్వు రాశావు. నా స్నేహితుడి మోకాలు నీకు నచ్చలేదు, నేరుగా వాళ్ళకే చాడీ చెప్పావు. చిన్నప్పుడు నేను స్కూలు ఎగ్గొడితే నాన్నకి చెప్పింది నువ్వే, ఇప్పుడు నాన్న లేరు గనక సీవో దొరికాడు.

ముందు సీటు నీకిప్పించింది నేను. గుర్తుంచుకో.

తమ్ముడు


ఆగస్టు 5

ఒరేయ్,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు. ఆ కాగితం నాకూ వచ్చింది. బండి ఎక్కే ప్రతి ముసలి ప్రాణానికీ సర్టిఫికెట్ కావాలట, కూర్చోవడానికి కూడా. నా రక్తపోటు ఎంతో సీవో గారికి ఇప్పుడు నీకంటే బాగా తెలుసు.

నేను ఎవరికీ రాయలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. మరదలి మీద పడకు, ఆవిడ నోరు విప్పలేదు. నువ్వే చెప్పావు. మేడ మెట్ల మీద పరుగులు తీసేవాడు వంటింటి పొగే చాలని కింద చేరాడంటే నాకు అర్థం కాదా? తాతకు దగ్గులు నేర్పకు.

ఆపరేషనంటే అంత భయమా? ముప్పై ఏళ్ళు ఆపరేషన్ గది గుమ్మం దాకా జనాన్ని దించి, "ఏం ఫరవాలేదు, చీమ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్పి పంపినవాడివి. ఒక్కరోజు గుమ్మం దాటి చూడు, చీమ ఎంతుందో.

కోపంగానే,
అక్క


ఆగస్టు 18

అక్కకి తప్పైపోయిందంటూ తమ్ముడు రాస్తున్నది.

నీ మరదలు నీ ఉత్తరం చదివి, నన్ను రెండు రోజులు పలకరించలేదు. మూడో రోజు కాఫీ ఇచ్చింది, చల్లగా.

నువ్వనుకున్నది మాత్రం నిజం కాదు. కత్తంటే నాకు భయం లేదు. నా భయమల్లా స్టీరింగు. ఆపరేషన్ అన్నానంటే చాలు, "పాపం పెద్దాయన, విశ్రాంతి తీసుకోనీండి" అంటారు. మర్యాదగా నన్ను తీసుకెళ్ళి టెంటు కింద కుర్చీలో కూర్చోబెట్టి, బండి ఇంకెవరికో ఇస్తారు. మళ్ళీ వెనకే కూర్చుని వీపులు చూడాలి. నేను ఎవరి ప్రాణమూ కాపాడలేదక్కా, ఎత్తి దించానంతే. అయినా ఒక్కరోజు ముందు ఉండాలని ఉంది. అరవై ఆరేళ్ళ వాడికి ఇదేం పిచ్చి అనకు.

ఇదిగో, ఎర్రగుడ్డ ఊపుతున్నాను. నిన్న సర్జన్ దగ్గరికి వెళ్ళాను. మోకాలు అరిగిపోయిందట, మార్చాల్సిందేనట. రక్తంలో చక్కెర ఎక్కువుంది, అది దిగాక అక్టోబరులో చేస్తానన్నాడు. అక్టోబరు నుంచి డిసెంబరు పదికి రెండు నెలలు. నువ్వు రాసిన లెక్కే కదా. చక్కెర మానేశాను. నీ మరదలి కాఫీ ఇప్పుడు చల్లగానే కాదు, చప్పగా కూడా ఉంటోంది.

నువ్వు వస్తావు కదూ, ఆ వారం?

నీ తమ్ముడు


నవంబరు 9

అక్కకి,

నువ్వు వచ్చి వెళ్ళి ఇన్నాళ్ళయినా ఆసుపత్రి నర్సులు నీ గురించే మాట్లాడుకుంటున్నారట. దుప్పటి మూలలు ఎలా మడవాలో నువ్వు నేర్పాక, ఆ వార్డులో మంచం మీద కూర్చోవాలంటే రోగులకి భయమేస్తోందట. నిజం చెబుతున్నాను, నువ్వు గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని వచ్చావు చూడు, అప్పుడు నాకు చీమ కూడా గుర్తు రాలేదు.

నడుస్తున్నాను. కర్ర వదిలేశాను. నిన్న మేడ ఎక్కి దిగాను, నీ మరదలు కింద నుంచి చప్పట్లు కొట్టింది.

కానీ పని చెడింది. వ్యాయామం చేయించే అమ్మాయికి రొట్టెబండి గురించి చెప్పాను. క్లచ్ ఎంత గట్టిదో చూపించమంటే, ఇంట్లో ఉన్న ఇత్తడి బిందె నీళ్ళతో నింపి కాలితో తోసి చూపించాను. కేకలేసింది. మామూలు కారైతే డిసెంబరుకి సరేనట, ఇలాంటి మొండి క్లచ్ కొత్త సంవత్సరం దాకా తొక్కొద్దంది. సర్జన్‌ని అడిగితే ఆయనా అదే మాట. కుడి కాలు భేషుగ్గా ఉంది, బ్రేకూ యాక్సిలరేటరూ ఎంతసేపైనా తొక్కగలను. ఎడమ కాలే లేదు.

నా వల్ల కాదని సీవో గారికి ఉత్తరం రాసి పెట్టాను. ఇంకా పోస్టులో వేయలేదు. కవరు మీద స్టాంపు కూడా అతికించాను గాని, చెయ్యి రావడం లేదు. అంత కష్టపడి మోకాలు మార్పించుకున్నది నడవడానికే అని సరిపెట్టుకుంటున్నాను. సరిపడడం లేదు.

తమ్ముడు


నవంబరు 16

తమ్ముడూ,

ఆ కవరు చించెయ్యి.

ఆ బండిలో ముందు సీటు రెండు ముక్కలు కాదు, ఒకటే పొడుగు బల్ల. డ్రైవరుకి ఎడమ పక్కన కూర్చునేది ఎవరు? నేను. క్లచ్ ఎటుంది? ఎడమ పక్కన. నాకు రెండు కాళ్ళున్నాయి, రెండూ దేవుడిచ్చినవే, సర్టిఫికెట్ కూడా ఉంది.

నువ్వు "నొక్కు" అంటే నొక్కుతాను, "వదులు" అంటే వదులుతాను. నడక వేగంలో పోయే బండికి ఇంతకంటే ఏం కావాలి? వారం ముందే వస్తాను. షెడ్డు వెనక సాధన చేద్దాం. సీవో గారికి నేనే ఫోన్ చేశాను. క్లచ్ నువ్వు తొక్కకపోతే నీ సర్టిఫికెట్‌కి అడ్డేం లేదన్నాడాయన. తర్వాత నవ్వు వినిపించింది. పక్కన ఒక సిపాయిని నడిపిస్తాడట, బండి ముందుకి ఎవరూ రాకుండా.

సిద్ధంగా ఉండు.
అక్క


డిసెంబరు 14

అక్కకి నమస్కారాలు.

క్షేమంగా ఇల్లు చేరావని నీ మరదలికి ఫోన్లో చెప్పావట. నాతో మాట్లాడకుండా పెట్టేశావు, ఎందుకో నాకు తెలుసు.

సీవో గారు పుస్తకంలో చివరి పేజీగా ఆ రోజు సంగతి రాయమన్నారు. రాయడానికి కూర్చున్నాను. ఉన్నదున్నట్టు రాయాలి కదా, అందుకే అడుగుతున్నాను.

షెడ్డు వెనక మనం ఎంత బాగా చేశాం. మైదానంలోకి తిరిగేదాకా కూడా దివ్యంగా వెళ్ళాం. నా ముందు ఒక్క వీపు లేదక్కా. ఖాళీ మైదానం, అటు చివర జెండా, అంతే. వేదిక ముందు నెమ్మది చేయడానికి "నొక్కు" అన్నాను, నొక్కావు. జనరల్ గారు సెల్యూట్ చేశారు. నువ్వు కూడా కూర్చున్న చోటే నిటారుగా అయి సెల్యూట్ కొట్టావు, చేతితో పాటు కాలు కూడా లేచింది. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. సెల్ఫ్ స్టార్టరు పలకలేదు. బ్యాండు వాయించేవాళ్ళు ఏం చేయాలో తెలియక అదే ముక్క మళ్ళీ వాయించారు.

అప్పుడు పాత రోగుల కోసం టెంటు కింద వేసిన కుర్చీల్లోంచి లేచారు వాళ్ళు. ఎవరూ చెప్పలేదు. కర్రలు కుర్చీలకి ఆనించి, ఒకరి తర్వాత ఒకరు వచ్చి బండి వెనక చేతులు వేశారు. యుద్ధంలో ఆ బండిలో వచ్చినవాళ్ళు, వరదల్లో వచ్చినవాళ్ళు, ఎవరు ఎవరో నాకు తెలియలేదు, అందరూ ముసలివాళ్ళే. తోశారు. నువ్వు మళ్ళీ క్లచ్ నొక్కి పట్టుకున్నావు గనక బండి కదిలింది. తోస్తే స్టార్టయ్యే బండి, గేరులోనే ఉంది, నువ్వు క్లచ్ వదిలితే చాలు. "వదులు" అన్నాను. "వదులక్కా" అన్నాను. గొంతు చించుకున్నాను. నువ్వు అద్దంలోకి చూస్తూ కూర్చున్నావు. వేదిక దాటి, జెండా దగ్గర దాకా తోశారు పాపం. అక్కడికి వెళ్ళాక వదిలావు.

నిన్ను తిడుతున్నానని కాదు. చెవి డాక్టరుకి ఒకసారి చూపించుకో. డెబ్బై నాలుగేళ్ళకి వినపడకపోవడంలో సిగ్గు లేదు, నేను మోకాలు దాచినట్టు నువ్వు చెవులు దాచకు. కావాలంటే నేనొచ్చి గుమ్మం దాకా చెయ్యి పట్టుకుంటాను.

పుస్తకంలో "కాస్త ఆలస్యంగా స్టార్టయింది" అని రాయనా?

నీ తమ్ముడు


డిసెంబరు 20

తమ్ముడికి ఆశీస్సులు.

నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. సెల్యూట్ దగ్గర కాలు లేచింది నా తప్పే, ఒప్పుకుంటాను. యాభై ఏళ్ళ అలవాటు, జనరల్ కనిపిస్తే ఒళ్ళంతా లేస్తుంది. ఫోన్ పెట్టేసింది నవ్వొచ్చి, కోపం వచ్చి కాదు.

రెండోది మాత్రం వేరు. నీ మొదటి "వదులు" కే విన్నాను. తర్వాతవి కూడా విన్నాను, వాటి మధ్య నువ్వు నన్ను అన్న మాటలు కూడా విన్నాను.

ఆ వయసువాళ్ళు అంత బరువు తోయకూడదని నర్సుగా నాకు తెలుసు. ఎవరికి నడుం పట్టేస్తుందో అని భయంగానే చూశాను అద్దంలోకి. వాళ్ళు నవ్వుతున్నారు. ఒకాయన జోడు జారిపోయింది, వెనక్కి వెళ్ళకుండా ఒట్టి కాలితోనే తోస్తున్నాడు. నువ్వేమో ఎవరి ప్రాణమూ కాపాడలేదు, ఎత్తి దించానంతే అని రాశావు నాకు. వాళ్ళంతా మనం అలా ఎత్తి దించినవాళ్ళే. నువ్వు ముందుకి చూస్తున్నావు, నీకు కనపడలేదు.

ఇన్నేళ్ళూ మనం మోసినవాళ్ళు, ఇప్పుడు మనల్ని మోస్తున్నారు. నేను కాలు తీస్తే ఇంజను పలుకుతుంది, వాళ్ళు చేతులు తీసేస్తారు. అందుకే తియ్యలేదురా.

పుస్తకంలో నీకు తోచింది రాసుకో.

ఇట్లు,
నీ ఎడమ కాలు